సరంలో నడిమి గుండు

మా మామ మొక్కుకున్నప్పుడు కాలుతున్నది చిరిగిన గోనె సంచుల కుప్ప. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆదోనిలో ఆ సంగతి చెప్పుకునేవాళ్ళు పత్తి గోదాము మొత్తం మంటల్లో ఉన్నట్టూ, మామ చేతులు జోడించి నిలబడగానే గాలి వెనక్కి తిరిగినట్టూ చెబుతారు. నేను అక్కడే ఉన్నాను. పక్కనున్న కాఫీ హోటలు పొయ్యిలోంచి ఒక రవ్వ లేచి, గోదాము వెనక పడేసిన గోనెల మీద వాలింది. హమాలీలు నాలుగు కడవల నీళ్ళు కుమ్మరిస్తే ఆరిపోయింది. గాలి తిరిగిన మాట మాత్రం నిజం. ఎండాకాలం సాయంత్రాల్లో మా ఊళ్ళో గాలి ఎవరూ మొక్కకపోయినా తిరుగుతుంది.

అయితే గోదాములో ఆ ఏడాది కొన్న పత్తంతా ఉంది. అంటుకుని ఉంటే మామ మర్నాటికి కొట్టు మూసుకోవలసిందే. కాబట్టి ఆయన భయం ఉత్తదని నేను అనను. ఆ భయంలో నోటి నుంచి వచ్చిన మాటే అసలు చిక్కు.

"ఎమ్మిగనూరు సామీ, నీ నంది వాహనానికి బంగారు రేకు పెట్టిస్తా. ఇంట్లో గుండ్ల సరం ఉండాది. అంతా నీకే."

హమాలీలు విన్నారు, హోటలాయన విన్నాడు, దారిన పోతూ ఆగిన వాళ్ళు విన్నారు. "మామా, ఆరిపోయింది" అని నేను అన్న మాట మొక్కుకు ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా అనేది ఇప్పటికీ తేలలేదు. మామ లెక్కలో తర్వాత.

అవి కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. నేను అక్కడి కాలేజీలో ఇంటర్మీడియట్ తప్పి, రాజధానికి నా అవసరం లేదని తేల్చుకుని, ఆదోనిలో మేనమామ పత్తి కొట్లో కూర్చున్నాను. కొట్లో నా పని బేళ్ళ మీద గుర్తులు వేయడం. ఖాళీ దొరికినప్పుడు వచ్చినవాళ్ళను నవ్వించడం. రెండో పనికి నన్ను ఎవరూ పెట్టుకోలేదు.

గుండ్ల సరం మామది కాదు. మా అత్తది. బంగారు గుండ్లు వరసగా గుచ్చిన దండ అది. మెడ వెనక కొక్కెం దగ్గర జొన్నగింజ కంటే కాస్త పెద్దవి, ముందుకు వచ్చేకొద్దీ లావెక్కుతూ, సరిగ్గా నడిమధ్యలో చిన్న రేగిపండంత గుండు ఒకటి. అత్త పుట్టిల్లు ఎమ్మిగనూరు. సరం వాళ్ళమ్మది. పెళ్ళిలో పెట్టింది కూడా కాదు. ఆమె మంచంలో ఉండి, ఇక లేవనని తెలిసిన రోజున తన మెడలోంచి తీసి కూతురి మెడలో వేసింది. అప్పటి నుంచి పెళ్ళిళ్ళకూ జాతరకూ తప్ప అది పెట్టెలోంచి బయటికి వచ్చి ఎరగదు.

మామ ఇంటికి వచ్చేలోపలే మొక్కు ఇంటికి చేరింది. అత్త స్నానానికి నీళ్ళు తోడింది, అన్నం పెట్టింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే అత్త సరం వేసుకుని పేడ ఎత్తుతోంది. సరంతోనే వాకిలి చిమ్మింది, సరంతోనే బియ్యంలో రాళ్ళు ఏరింది. పాలు పోసే ఆమె చూసి, "ఏమక్కా, ఇంట్లో పెండ్లా?" అని అడిగింది. "కాదు, పంపకం" అంది అత్త.

ఆ రోజు నుంచి అత్త మామతో నేరుగా మాట్లాడటం మానేసింది. మాటలన్నీ నా మీదుగా పోయేవి.

"మీ మామతో సెప్పప్పా, అన్నం సల్లారిపోతాంది."

మామ చాప మీద రెండు బారల దూరంలో ఉండేవాడు. "మామా, అన్నం చల్లారిపోతోందట" అని నేను అందించేవాణ్ణి. "వస్తాండానని సెప్పు" అనేవాడు మామ. ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టినందుకు నేను చేసిన ఊడిగం అంతా అదే.

మామ కూడా మాటల మనిషి కాదు. ఆదోని మార్కెట్టులో పత్తి ధర ఎవరూ పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని, నొక్కి, వదిలి బేరం ముగిస్తారు. చుట్టూ వంద మంది ఉన్నా ఆ ఇద్దరికి తప్ప ధర తెలియదు. మామ ఎన్నో ఏళ్ళు ఆ పనిలో ఉండి ఉండి, ముఖ్యమైన మాట ఏదీ నోటితో చెప్పలేని స్థితికి వచ్చాడు. ఇంట్లో దోసెలు ఎన్ని కావాలో కూడా వేళ్ళతో చూపేవాడు. జీవితం మొత్తంలో ఆయన పైకి చెప్పిన పెద్ద మాట ఆ మొక్కు ఒక్కటే. అదైనా తువ్వాలు కింద చెప్పి ఉంటే దేవుడూ ఆయనా చూసుకునేవాళ్ళు.

ఇంకో సంగతి. మామకు ఏదైనా తూకంలోనే అర్థమవుతుంది. మనిషిని చూస్తే ఎన్ని మణుగులో ముందు తడుతుంది. ఎమ్మిగనూరు నంది వాహనం కట్టెతో చేసింది, నిజం ఎద్దుకు తమ్ముడిలా ఉంటుంది. "ఎద్దంత నందికి బంగారం ఎంత పట్టల్ల?" అని మామకు రాత్రీ పగలూ అదే ఆలోచన. ఆలోచించి ఆలోచించి ఒకరోజు అత్త గాజుల వైపు చూశాడు. అత్త చేతులు కొంగు కిందికి పోయాయి.

"మీ మామతో సెప్పు," అంది, "గాజులు మొక్కలేదని."

రంగులాయన ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. దేవుళ్ళ బొమ్మలకూ వాహనాలకూ రంగులు వేసి, రేకు పెట్టే మనిషి. అత్తకు పుట్టింటి వీధివాడే కాబట్టి ఆమె "అన్నా" అంటుంది. ఆయనకు తన పని మీద చాలా గౌరవం, ఎదుటివాళ్ళ పని మీద చాలా అనుమానం. నందిని బండి మీద ఆదోనికి తెప్పించి, గోదాములోనే ఊరంతా చూసేట్టు పని చేయించాలని మామ కోరిక. రంగులాయన గోదాము గడపలో నిలబడి గాలి పీల్చి తుమ్మాడు.

"ఈడ ఊపిరి తీస్తే దూది వస్తాంది. బంక పూసి రేకు పెట్టేలోపల దూదంతా వచ్చి దానికి కరుసుకుంటాది. నీ నందికి బొచ్చు మొలుస్తాది, పరవాలేదా?"

"బొచ్చు ఉంటే నిజం ఎద్దు మాదిరే ఉంటాది కదన్నా" అన్నాను నేను.

ఆయన నా వైపు చూసి, "ఈ అబ్బోడు పని జరిగే సోటికి రాకూడదు. బంగారు రేకు నగుబాటుకు నిలవదు" అన్నాడు. వేళాకోళం కాదు, పని సంగతే చెప్పాడు. రేకు ఎంత పలచనంటే ఎదురుగా ఎవరైనా నవ్వితే ఆ ఊపిరికే ఎగిరిపోతుంది.

సరే, పని ఎమ్మిగనూరులోనే. అయితే నందికి ఏ నగలు తీర్చాలి? సుద్దా బంకా కలిపి ఉబ్బెత్తుగా గంటలూ మెడ పట్టెడలూ తీర్చి, వాటి మీద రేకు పెడతాడు రంగులాయన. మామూలు పట్టెడా, రాజుల పట్టెడా అని అడిగాడు. మామ రాజులదే అన్నాడు. అయితే రాజుల నగలు కళ్ళతో చూడాలన్నాడు రంగులాయన. బళ్ళారి దాటి లోపలికి పోతే ఒక పాత సంస్థానం ఉంది. రాజ్యం పోయాక అక్కడి మేడలో కొన్ని గదులు తెరిచి, రాజుల నగలు జనానికి చూపిస్తున్నారు. ఏనుగుల నగలూ గుర్రాల నగలూ కూడా ఉన్నాయని ఆయన విన్నాడు.

"మీ మామతో సెప్పు," అంది అత్త పొయ్యి దగ్గర నుంచే, "నేనూ వస్తాండానని."

మామ వద్దనలేదు. ఆ రోజుల్లో అత్తను దేనికైనా వద్దనే ధైర్యం ఆయనకు లేదు. అలా నలుగురం బయలుదేరాం. గుంతకల్లులో బండి మారి బళ్ళారి చేరి, అక్కడి నుంచి బస్సు. ఆ దారిలో ఎర్ర దుమ్ము. దిగేసరికి రంగులాయన మమ్మల్ని చూసి, పూత బాగా కుదిరిందన్నాడు. అత్త దుమ్ముకు భయపడి కొంగు మెడ చుట్టూ నిండుగా కప్పుకుంది. సరం ఉందో లేదో కనపడదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మేడ మెట్ల దగ్గర చెప్పులు విడిచాం. మాకు ఎవరూ చెప్పలేదు. అంత బంగారం ఉన్న చోటికి చెప్పులతో పోవడం మా వైపు ఎవరికీ చేతకాదు. టికెట్లు ఇచ్చే ఆయన, చెప్పులు వేసుకునే రావచ్చని కన్నడంలో చెప్పాడు. ఆయన మొహమాటానికి అంటున్నాడనుకుని మామ, "ఉండనీలెండి సామీ" అన్నాడు. మేం వెనక్కి వచ్చేదాకా ఆ మెట్ల మీద ఉన్నవి మా నాలుగు జతలే. లోపల బూట్లు టకటకలాడిస్తూ తిరిగే జనం మధ్య మేం నలుగురం చప్పుడు లేకుండా నడిచాం. దీనివల్ల తర్వాత కాస్త ఇబ్బంది అయింది. చప్పుడు లేకుండా నడిచేవాళ్ళను కాపలావాళ్ళు ఎక్కువ చూస్తారు.

అద్దాల పెట్టెల్లో నల్ల మఖమలు మీద నగలు. కంఠహారాలు పెట్టడానికి కట్టెతో మెడలు చేయించారు. మెడ ఉంది, భుజాలు ఉన్నాయి, తల లేదు. అలాంటివి ఒక గది నిండా వరసగా. రాణులందరూ నగలు విప్పకుండా తలలు మాత్రం విప్పి ఎక్కడికో పోయినట్టు ఉంది. ఈ మాట నేను మెల్లగా అంటే అత్త నవ్వలేదు. ఒక పెట్టె ముందు ఆగింది. అందులో గుండ్ల సరం. అత్త సరం కంటే రెండింతలు ఉంటుంది, పనితనం మాత్రం అదే. అత్త కొంగు మెడ మీది నుంచి పక్కకు సర్దుకుంది. అద్దంలో ఆమె నీడ పడి, లోపలి సరమూ బయటి సరమూ పక్కపక్కన కనపడ్డాయి.

"దీన్ని ఎవరేసుకుంటారప్పా ఇప్పుడు?" అని అడిగింది.

"ఎవరూ వేసుకోరత్తా. చూస్తారంతే."

"రోజూ తుడుస్తారా?"

"తుడుస్తారేమో."

అత్త తల ఊపింది. ఏం తేల్చుకుందో నాకు తెలియదు.

పక్క గదిలో ఏనుగు మీద కట్టే అంబారీ ఉంది. గది తలుపుల్లోంచి దూరదు, గోడ పగలగొట్టి లోపలికి తెచ్చి మళ్ళీ కట్టారట. కొన నుంచి కొన దాకా బంగారం. దాని పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ముసలి కాపలాదారు. రాజుల కాలంలోనూ ఆయన ఆ మేడలోనే పని చేశాడట. అత్త ఆయన్ని అడిగింది, ఇదంతా బంగారమేనా అని. ఆ ఊరి కన్నడం, ఎమ్మిగనూరు తెలుగు ఇద్దరికీ బాగానే కుదిరాయి. ఆయన చెప్పిన దాని సారం ఇది: లోపల కట్టె, పైన రేకు. రాణీగారి వేలి ఉంగరం ఒకటి కరిగించి కొట్టిస్తే అంబారీకంతా సరిపోయి, ఇంకా మిగిలింది.

అత్త అంబారీని ఒక చుట్టు తిరిగి చూసింది. మళ్ళీ వచ్చి, "ఉంగరమా, వడ్డాణమా?" అని అడిగింది.

"ఉంగరమేనమ్మా" అన్నాడాయన.

ఈ సంభాషణ జరుగుతున్నప్పుడు మామా రంగులాయనా మూడో గదిలో గుర్రపు నగల ముందు ఉన్నారు. నందికి ఎన్ని గంటలు, ఎన్ని పేటల పట్టెడ అనేది బేరం. పేటలు తొమ్మిది ఉండాలని మామ, ఐదు దాటితే ఎద్దు మెడ కనపడదని రంగులాయన. ముఖ్యమైన మాట కాబట్టి మామ అలవాటు ప్రకారం భుజం మీది తువ్వాలు తీసి రంగులాయన చేతి మీద కప్పాడు. ఇద్దరూ అద్దాల పెట్టెకు ఆనుకుని, చేతులు తువ్వాలు కింద పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూస్తూ, పెదవి కదపకుండా నిలబడ్డారు. కాసేపటికి మామ ముఖంలో కోపం, రంగులాయన ముఖంలో మొండితనం. కాళ్ళకు చెప్పులు లేవు.

ఆదోనిలో అయితే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ మేడలో ఇద్దరు కాపలావాళ్ళు ఈల ఊదారు.

తువ్వాలు దులిపించారు. నశ్యం డబ్బా ఒకటి పడింది. మామ బేరమని చెప్పాడు. బేరం అనే మాట ఆ గదిలో ఆయనకు మేలు చేయలేదు. ఏం కొంటున్నావని అడిగారు. ఎద్దుకు గంటలన్నాడు. నేను కల్పించుకుని విడమరచి చెబుదామనుకున్నాను కానీ, నా ముఖం చూస్తే నిజం కూడా వేళాకోళంగా వినపడుతుందని మామ చాలాసార్లు అన్నాడు కాబట్టి ఊరుకున్నాను. ఇంతలో ఆ సందడికి అత్త పక్క గదిలోంచి వచ్చింది. మెడలో సరం, వాళ్ళ లెక్కలో ఇందాక మెట్లెక్కేటప్పుడు లేనిది.

కాపలావాళ్ళు మామను వదిలి అత్త వైపు తిరిగారు. ఇది ఎక్కడిదని అడిగారు. ఒకడు పరుగున పోయి పెట్టెలో సరం ఉందో లేదో చూసి వచ్చాడు. ఉంది. అయినా వాళ్ళ అనుమానం తీరలేదు. ఇంత సరం వేసుకుని చెప్పులు లేకుండా ఎవరొస్తారు?

అత్త సరం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. నా వైపు చూసింది. ఎవరితో ఏం చెప్పమంటుందో అని నేను ఎదురుచూశాను.

మామ ముందుకు వచ్చాడు. తువ్వాలు వాళ్ళ చేతిలో ఉంది, కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

"అది ఆమెదప్పా," అన్నాడు పెద్దగా. "వాళ్ళమ్మ ఏసింది. ఆమెదే. మా ఇంటిది కూడా కాదు. దాని మీద ఇంకెవరికీ హక్కు లేదు."

గది చాలా పెద్దది. మాట నాలుగు గోడలకూ తగిలి ఆయన దగ్గరికే తిరిగి వచ్చింది. మామ తన మాట తనకే ఎవరో చెప్పినట్టు నిలబడిపోయాడు.

అంబారీ దగ్గరి ముసలాయన వచ్చి, ఈ అమ్మతో ఇందాకటి నుంచి మాట్లాడుతున్నానని చెప్పడంతో వదిలేశారు. తువ్వాలూ, నశ్యం డబ్బా తిరిగి ఇచ్చేశారు, ఒకడు ఒక పట్టు పట్టాక. మెట్ల మీద మా చెప్పులు అలాగే ఉన్నాయి.

బళ్ళారి నుంచి రైల్లో ఎదుటి బల్ల మీద ఒక కుటుంబం వేరుశనక్కాయలు ఒలుస్తూ పోట్లాడుకుంటోంది, మా మాట వినపడదు. వాళ్ళు దిగిపోయాక అత్త రంగులాయనను అడిగింది.

"అన్నా, ఆ అంబారీకి ఉంగరమంత బంగారమే పట్టిందంట. మన నందికి ఎంత పడతాది?"

రంగులాయన సరం వైపు చూసి, కన్ను ఒకటి మూసి అంచనా వేశాడు. "ఎనకాల గుండ్లయితే నాలుగైదు. నడిమిదైతే అదొక్కటే సాలు. తోక్కూడా వస్తాది."

మామ కిటికీ వైపు నుంచి తిరిగాడు. "మరి నాకెందుకు సెప్పలేదప్పా?"

"నువ్వు యాడ అడిగినావు? బంగారం నాది అన్నావు. పని నాది అన్నాను."

"తువ్వాలు కింద…"

"తువ్వాలు కింద గంటలెన్ని అని అడిగినావు."

మామ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సరం చాలదని ఇన్నాళ్ళూ నిద్రపోని మనిషి. బంగారు రేకు తూకంతో కొనేది కాదని, పరుచుకుంటూ పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పత్తి అలా ఉండదు. ఒక బస్తా పత్తి రెండు బస్తాలంత కనపడితే అందులో ఏదో మోసం ఉన్నట్టే.

కాసేపటికి మామకు కొత్త భయం పట్టుకుంది. "సామికి అంతా అన్నాను కదరా."

"గోనె సంచులకు నడిమి గుండు కూడా ఎక్కువే మామా" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. అదే విచిత్రం. అత్త వైపు తిరిగి, నా మీదుగా కాకుండా నేరుగా అడిగాడు. "నీది. నువ్వు సెప్పు."

అత్త కిటికీలోంచి బయటికి చూసింది. బయట ఏమీ లేదు, నల్లరేగడి చేలు. "ఊరు సేరనీ" అంది. మామతో నేరుగా అన్న మొదటి మాట అది. నేను అందించబోయి ఆగిపోయాను.

ఇంటికి వచ్చాక అత్త రెండు మూడు రోజులు సరం మెడలోంచి తీసింది, వేసుకుంది, తీసింది. వెనక గుండ్లు నాలుగు తీసినా జడ కింద ఎవరికీ కనపడదు. ఆ సంగతి రంగులాయన చెప్పాడు, ఇరుగుపొరుగు చెప్పారు, చివరికి మామ కూడా చెప్పాడు, గొంతు సవరించుకుని. అత్త విని, ఒకరోజు మధ్యాహ్నం పీట మీద కూర్చుని, దారం తెంపి, నడిమి గుండు తీసి మామ చేతిలో పెట్టింది.

మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నిటికన్నా పెద్దది ఇచ్చినావు" అన్నాడు.

"సామిని అడిగినానని సెప్పండి" అంది అత్త. మళ్ళీ గుచ్చేటప్పుడు ఆ ఖాళీలో ఎర్రదారం ముడి ఒకటి వేసుకుంది.

రేకు కొట్టింది ఆదోనిలోని వరఖు సాయిబు. రోజూ ఆయన కొట్టేది మిఠాయిల మీద వేసే వెండి రేకు. బంగారం ఎప్పుడో ఒకసారి, హకీముల మందుల కోసం. గుండు చేతికి ఇవ్వగానే ఆయన అడిగింది ఒక్కటే. "ఇది తినేదానికా, సూసేదానికా?" తినేదైతే ఇంకా పలచగా కొట్టాలట. నంది తినదని నేను హామీ ఇచ్చాను. గుండు కరిగి పట్టీ అయింది, పట్టీ తోలు పొరల మధ్య సుత్తి కింద పడి రేకులైంది. కాగితాల మధ్య పేర్చి ఇచ్చాడు. మామ ఆ కట్టను చేతిలో పెట్టుకుని తూచి చూశాడు. కాగితాల బరువు తప్ప ఏమీ లేదు. మళ్ళీ తూచాడు. ఆ రోజు నుంచి ఆయనకు చేతి తూకం మీద పాత నమ్మకం పోయిందని నా అనుమానం.

ఎమ్మిగనూరులో నందిని పెట్టిన గదికి రంగులాయన కిటికీలు మూయించాడు, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కించాడు. లోపల ఉక్క. నన్ను గడప దాటనివ్వలేదు. నశ్యం పీల్చే మనిషి కాబట్టి మామను తువ్వాలుతో ముక్కూ నోరూ కట్టుకోమన్నాడు. అలా ఆయన తువ్వాలు ముఖానికి పోయి, ఇటు నోటితోనూ అటు వేళ్ళతోనూ ఏ మాటా చెప్పలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అత్త మాత్రం రంగులాయన పక్కనే. ఊపిరి ఎలా బిగబట్టాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు.

తలుపు సందులో ఒక గుడ్డ జరిపి నేను చూశాను. సుద్దతో తెల్లగా ఉన్న నంది మీద రంగులాయన బంక పూస్తాడు. అది సగం ఆరేదాకా ఆగుతాడు. మెత్తని కుంచెతో రేకును కాగితం మీది నుంచి లేపి, నంది మెడ దగ్గరికి తెస్తాడు. ఇంకా తగలకుండానే రేకు తనంతట తను పోయి అంటుకుంటుంది. పైన దూదితో అద్దుతాడు. దూది మామది. గోదాములో ఉన్నదాంట్లో పొడుగు పోగు ఉన్నది ఏరి తెచ్చాడు. రంగులాయనకు పోగు పొడుగుతో పని లేదు కానీ, అది చెబితే మామ బాధపడతాడని ఊరుకున్నాడు. ఆ మనిషి ఎదుటివాళ్ళ మీద దయ చూపడం నేను చూసింది అదొక్కసారే.

ఒక్క రేకు తప్పింది. మామ లేవబోయి తువ్వాలు జారి, గోడ దగ్గర ఉన్న సుద్ద డబ్బా తన్నాడు. అత్తకు నవ్వొచ్చింది. నేను లోపల లేను, నన్ను అనడానికి లేదు. కుంచె మీది రేకు గాలిలో ఒక మెలిక తిరిగి, అత్త చెంప మీద వాలి అంటుకుంది.

"రుద్దొద్దమ్మా," అన్నాడు రంగులాయన, "అది ఇంక రాదు. కడుక్కుంటే పోతాది."

అత్త కడుక్కోలేదు. ఆ పొద్దంతా చెంప మీద బంగారంతోనే పుట్టింటి వీధిలో తిరిగింది. పోయిన గుండులో కొంత అలా ఆమె దగ్గరికి వచ్చి, రెండో రోజు ముఖం కడుక్కునేదాకా ఉంది.

జాతర రోజున నంది కదిలింది. తొమ్మిదీ కాదు, ఐదూ కాదు, ఏడు పేటల పట్టెడ. కాగడాల వెలుగులో చూసి, జనం గోదాము మంటల కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నారు. ఈసారి మంటలు రైలు స్టేషను దాకా పోయాయి. గోనె సంచుల సంగతి నేను ఒకరిద్దరికి చెప్పి చూశాను. వాళ్ళు నా వైపు జాలిగా చూశారు. మామ తలపాగా కొత్తది. వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట, "నాది కాదప్పా, ఆమెది. నడిమి గుండే ఇచ్చేసింది." ఆడవాళ్ళు అత్త చుట్టూ చేరి, సరంలో ఎర్రదారం ముడిని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అత్త తల వంచుకుని నిలబడింది. చూడటానికి చాలా భక్తిగా ఉంది.

గుంపు నంది వెంట పోయాక నేను అత్త పక్కకు చేరాను. "అత్తా, ఎనక నాలుగు తీసిచ్చి ఉంటే ఈ ముడి గొడవ ఉండేది కాదు గదా. ముందు పన్ను ఊడినట్టుంది" అన్నాను.

అత్త నవ్వి, మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. కొక్కెం పక్కన చిన్న గుండ్లను వేళ్ళతో ఒక్కొక్కటే జరిపింది.

"ఎనకవి మా అమ్మ మెడకు ఒరిసి ఒరిసి నున్నగైనాయప్పా. చెయ్యి పెడితే తెలుస్తాది. నడిమిది రవిక మీద ఊరికే ఏలాడేది, దానికేం తెలుసు?" అంది. దూరంగా నంది మూల తిరుగుతోంది. మామ దాని పక్కన, పట్టెడ మీద దుమ్ము పడకుండా తువ్వాలుతో విసురుతున్నాడు.

"ఇది మాత్రం మీ మామతో సెప్పొద్దు" అంది అత్త.

చెప్పలేదు.